లాంచీలో ఖాళీ సీటు

“మీ పేరు లిస్టులో లేదండీ. కాస్త పక్కకి జరగండి.”

పట్టభద్రుల సంఘం కార్యదర్శి ఆ మాట అప్పటికి మూడోసారి అంది. చేతిలో లిస్టు లేకుండా ఆవిడని ఎవరూ చూసి ఎరగరు. అందుకే సభ్యులంతా చాటుగా లిస్టమ్మ అంటారు. చాటుగా అంటున్నారని ఆవిడకీ తెలుసు.

ఆ రోజు సంఘం వాళ్ళంతా లాంచీలో దీవికి బయల్దేరారు. పొద్దున వెళ్ళి చీకటిపడేలోగా తిరిగి రావడం. నలభై సీట్లకి ముప్ఫై తొమ్మిది మందే తేలారు. ఒకాయనకి రాత్రి నుంచి కడుపులో బాగాలేదట, ఆగిపోయాడు.

ఎదురుగా నిలబడ్డ పెద్దాయన మాత్రం జరగలేదు. అరవై ఐదు పైమాటే. ఇస్త్రీ చొక్కా, మెడకి మఫ్లరు, నున్నగా దువ్విన జుట్టు. పెళ్ళికి బయల్దేరినట్టు తయారై వచ్చాడు. జేబులోంచి చిన్న పుస్తకం తీసి, గబగబా రాసి చూపించాడు.

‘ఒక సీటు ఖాళీగా ఉందిగా. మీ అధ్యక్షుల పక్కన కూర్చుంటాను. ఈ ఒక్క రోజే.’

“మాట రాదా మీకు?”

రాదన్నట్టు చెయ్యి ఊపాడు.

“డిగ్రీ ఉందా?”

తల అడ్డంగా ఊపాడు.

“పోనీ, పేరైనా చెప్పండి.”

మళ్ళీ అడ్డంగానే.

‘పొద్దున్నే ఇదెక్కడి తంటారా బాబూ’ అనుకుంటూ లిస్టమ్మ లాంచీలోకి వెళ్ళింది.

అధ్యక్షులంటే మాస్టారు. పుట్టుకతోనే చూపు లేదు. కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యారు. సంఘం పెట్టింది ఆయనే, పట్టా ఉన్నవాళ్ళే ట్రిప్పుకి రావాలన్న రూలు పెట్టిందీ ఆయనే. దీవిలో మీరేం చూస్తారు మాస్టారూ అని ఎవరైనా వేళాకోళమాడితే, “సముద్రానికి కళ్ళెందుకర్రా, చెవులు చాలు” అంటారు.

“మాస్టారూ, ఎవరో ముసలాయనండీ. మీ పక్కనే కూర్చుంటాడట. పేరు చెప్పడు, డిగ్రీ లేదు.”

మాట రాదన్న సంగతి చెప్పాలని ఆ హడావిడిలో ఆవిడకి తోచలేదు.

“ఏదో సిఫార్సు పనిమీద వచ్చుంటాడమ్మా. మర్యాదగా చెప్పి పంపెయ్.”

“సీటయితే ఖాళీగానే ఉందండీ...” లిస్టమ్మ నసిగింది. ఒడ్డునున్న పెద్దాయన్ని చూస్తే ఎందుకో జాలేసింది.

“సీటు సంగతి కాదమ్మా. పట్టా అంటే ఊరికే వస్తుందా? నాదెంత కష్టమ్మీద వచ్చిందో నాకే తెలుసు. రూలు రూలే.”

ఒడ్డున నిలబడ్డ పెద్దాయనకి ఆ మాటలన్నీ వినపడ్డాయి. కోపం తెచ్చుకోలేదు సరికదా, నవ్వాడు. ఇంకేదో రాయబోయి ఆగిపోయి, కలం జేబులో పెట్టుకున్నాడు. లాంచీ కదిలి, మాస్టారి మాటలు వినపడనంత దూరం పోయేదాకా అక్కడే నిలబడ్డాడు.

దీవిలో తిన్నారు, తిరిగారు, ఫొటోలు దిగారు. పెద్దాయన సంగతి అందరూ మర్చిపోయారు. లిస్టమ్మ కూడా.

తిరుగు ప్రయాణంలో మంచి హుషారు మీదున్నారు. డిగ్రీ ఎలా గట్టెక్కారో ఒక్కొక్కరూ మైకులో చెప్పాలన్నారు. ఒక పళ్ళ డాక్టరు కాపీ కొడుతూ దొరికిపోయిన సంగతి చెప్పి అందర్నీ పొట్టచెక్కలయ్యేలా నవ్వించాడు. తర్వాత మైకు మాస్టారి చేతికొచ్చింది.

“నాకు పరీక్షలు రాసిపెట్టినవాడు ఒకడున్నాడర్రా. నేను చెప్పేవాణ్ణి, వాడు రాసేవాడు. రాసిపెట్టేవాడు మనకంటే తక్కువ చదివుండాలని అప్పట్లో రూలు. వాడికీ మా కాలేజీలోనే సీటొచ్చింది. చేరితే నాకు రాయకూడదు. ‘ముందు నీది కానీరా, తర్వాత నేను చేరతాలే’ అన్నాడు, వెధవ. అలా మూడేళ్ళు ఆగాడు.”

మాస్టారు మైకు రెండో చేతిలోకి మార్చుకున్నారు.

“నా రిజల్టు వచ్చేసరికి వాళ్ళ నాన్నకి బదిలీ అయింది. మళ్ళీ ఆచూకీ లేదు. ఉత్త వాగుడుకాయ! ఒక్క మాట చెవిన పడితే చాలు, ఎంతమందిలో ఉన్నా పట్టేస్తాను. ఈపాటికి రెండు డిగ్రీలు చేసి పెద్ద ఆఫీసరై ఉంటాడు. పట్టభద్రులకి ఒక సంఘమంటూ ఉంటే ఎప్పటికైనా వచ్చి చేరతాడని... అందుకే పెట్టానర్రా ఇది.”

అప్పుడే లిస్టమ్మ ఫోను మోగింది. ఒడ్డు దగ్గరపడి సిగ్నల్ వచ్చినట్టుంది.

“సంఘం వాళ్ళేనా? ఒక్క సీటిస్తే మీ సొమ్మేం పోయిందండీ?” ఎవరో అమ్మాయి కోపంగా అడిగింది. వెనక రైలు చప్పుడు.

“ఎవరమ్మా నువ్వు?”

“పొద్దున మీరు వెనక్కి పంపేశారే, ఆయన కూతుర్ని. పోయిన నెల మా నాన్నకి క్యాన్సరని ఆపరేషన్ చేసి గొంతు తీసేశారు. ఇంకెన్నాళ్ళో చెప్పలేమన్నారు డాక్టర్లు. పేపర్లో మాస్టారి ఫొటో, కింద మీ నంబరు చూసి, ఒక్కరోజు ఆయన పక్కన కూర్చుంటానంటే అంత దూరం నుంచి తీసుకొచ్చాను.”

“అయ్యో! పేరైనా చెప్పలేదమ్మా.”

“చెప్తే గొంతు పోయిందని మాస్టారికి తెలిసిపోతుందిగా. ఆయనకి నాన్న ఎటూ కనపడరు, ఇక వినపడనూ వినపడరు. పక్కన కూర్చుని ఆయన మాటలు వింటే చాలన్నారు.”

లిస్టమ్మ ఒడ్డు వైపు చూసింది.

“పావుగంటలో ఒడ్డుకొచ్చేస్తాం. మీరెక్కడున్నారమ్మా?”

“మధ్యాహ్నమే రైలెక్కేశాం.”

“పోనీ, ఫోను మాస్టారికివ్వనా?”

“ఇచ్చి ఏం వినిపించమంటారు?”

“ఎవరమ్మా అంతసేపు? ఇంటి దగ్గర్నుంచా?” మాస్టారు నవ్వుతూ ఇటు తిరిగారు. లిస్టమ్మ ఫోను చెవికి మరింత నొక్కుకుంది.

“ఉండు నాన్నా, చెప్పనీ!” అవతల ఆ అమ్మాయి ఏడుస్తూ ఎవరి చేతులో విడిపించుకుంటున్నట్టుంది. “మీ మాస్టారి పరీక్షలన్నీ రాసింది మా నాన్నేనండీ, అందుకే నాన్నకి డిగ్రీ లేదు.”