సంపు దగ్గర సన్మానం

కాలనీలో పనులన్నీ యంత్రాలే చేసేవి, మనిషి మీద చెయ్యి మాత్రం ఎత్తేవి కావు. అందుకే పై వీధివాళ్లు నీళ్లు దోచుకుపోకుండా సంపు కాపలాకు మనుషులు కావలసి వచ్చారు. నీటి సంఘం కార్యదర్శి ఓబులమ్మ ఇల్లిల్లూ తిరిగి వాలంటీర్లను పోగేసేది. "ఊరికే కట్టె పట్టుకోని నిలబడితే సాలు" అనేది.

ఆ ఉదయం సంపు ముందే ఆరుగురు వాలంటీర్లకు సన్మానం పెట్టింది. శాలువాకు చేతులు జోడించాలి కదా, ఆరుగురూ కట్టెలు కింద పెట్టారు. వేదిక శుభ్రంగా ఉండాలని యంత్రాలు వాటిని ఏరి గదిలో పెట్టేశాయి. ఓబులమ్మ శాలువా కప్పినప్పుడల్లా చప్పట్లు కొట్టాయి.

అప్పుడే పై వీధివాళ్లు గడ్డపారలతో గోడ దూకారు. యంత్రాలు మర్యాదగా తప్పుకున్నాయి. ఓబులమ్మ కుర్చీల వెనక నక్కింది. జోడించిన చేతులు విడదీసేలోపే వాలంటీరు ప్రణవి తల పగిలింది. మిగతావాళ్లు ఉత్త చేతులతో కలబడ్డారు. పళ్లు రాలాయి, ఒకడి మోచెయ్యి విరిగి వేలాడింది. పై వీధివాళ్లు డ్రమ్ములు నింపుకొని వెళ్లిపోయారు.

ప్రణవి తల్లి లింగమ్మ పరుగున వచ్చి కూతురి తల ఒళ్లోకి తీసుకుంది. ఊపిరి లేదు.

"లింగక్కా, నీ బిడ్డ సేవను కాలనీ మర్సిపోదు" అంది ఓబులమ్మ కుర్చీల వెనక నుంచి లేచి వచ్చి.

లింగమ్మ బిడ్డ మీది శాలువా తీసింది. నెత్తురుతో బరువెక్కిన ఆ శాలువాను ఓబులమ్మ భుజాల మీద కప్పి, రెండంచులూ ఆమె గొంతు దగ్గర బిగించి పట్టుకుంది.

"రేపు మళ్లా వస్తారు. ఊరికే కట్టె పట్టుకోని నిలబడితే సాలు."

యంత్రాలన్నీ చప్పట్లు కొట్టాయి.