హెడర్ ఫైలు పేరు

చలి ముదిరిన ఆ పొద్దున నరిన్ పట్టణంలో సగం ఇళ్లకు వేడినీళ్లు ఆగిపోయాయి. నీళ్లు పంపే బాయిలర్ ఆఫీసులో, అందరి ముందూ, మామగారు కోడలు ఐసల్కిన్ మీద విరుచుకుపడ్డారు.

“ప్రోగ్రాములో వాల్వులు తెరిచే ఫంక్షన్ నాది. వాల్వుల జాబితా ఉండే అర్రేతో పాటు అందులో వాల్వులెన్నో కూడా పంపాలని పోయిన నెలే మార్చాను. నువ్వు ఒట్టి అర్రే పంపావు. ఎక్కడ ఆగాలో తెలీక అది లేని వాల్వుల్ని వెతుక్కుంటూ పోయింది.”

“నా ఫైల్లో, ఆ ఫంక్షన్‌కి ఏమేం పంపాలో చెప్పే పాత డిక్లరేషనే ఉంది మామయ్యా. అప్పట్లో నేనే రాసుకున్నాను.”

“ఎవరు రాసుకోమన్నారు? కొత్త డిక్లరేషన్ ఉన్న నా హెడర్ ఫైలు కలుపుకుని ఉంటే, తేడా ఉందని కంపైలరే మొత్తుకునేది. ఒక్క లైను కొట్టడానికి ఏం రోగం? బుర్ర పుట్టింట్లో వదిలేసి వచ్చావా?”

ఎవరో కిసుక్కున నవ్వారు.

“ఇప్పుడు కలుపు, నేను చూస్తుండగా. పైకి చదువుతూ కొట్టు, వీళ్లూ నేర్చుకుంటారు.”

“పైకి చదవనా?”

“చెవుడా నీకు?”

ఐసల్కిన్ తన పాత డిక్లరేషన్ చెరిపేసింది. ఆ హెడర్ ఫైలుకు ఆయన తన పేరే పెట్టుకున్నారు. మామ పేరు పలకను, రాయను అని పెళ్లినాడు పెద్దల ముందు ఆమెచేత ఒట్టు వేయించిందీ ఆయనే.

“కల్ముర్జా,” అంది ఐసల్కిన్, ఒక్కో అక్షరమే కొడుతూ, గది చివరిదాకా వినబడేలా. “సరిగ్గా పలికానా, మామయ్యా?”