కొన్న పాట

భద్రాచలంలోని హరిలాల్ నెట్ సెంటర్లో మళ్లీ లైను మొరాయించింది.

పరీక్ష ఫలితాల కోసం వచ్చిన పిల్లలు గొణుగుతున్నారు.

హరిలాల్ మూలనున్న కంప్యూటరు వైపు చూశాడు. అనుకున్నట్టే అక్కడ దూలయ్య ఉన్నాడు.

సారపాక మిల్లులో పనిచేసి రిటైరైన మనిషి. అప్పుడప్పుడు వచ్చి, కార్డుతో డబ్బు కట్టి, ఏదో ఆల్బమ్ దించుకుని సీడీలోకి ఎక్కించుకుపోతాడు. మామూలు ఫైళ్లు కావు, అసలు రికార్డింగంత పెద్దవి. అవి దిగేదాకా మిగతా కంప్యూటర్లన్నీ నత్తనడకే.

ఏం పాటలని హరిలాల్ ఏనాడూ అడగలేదు. ఊరికే దొరికేదానికి డబ్బు కట్టేవాడితో మాటలేమిటి?

పాటలు ఊరికే పంచడంలో హరిలాల్‌ది పెద్ద చెయ్యి. ఎవరు మెమరీ కార్డు తెచ్చినా, చెల్లెలు కళ్యాణి పాడిన రామభజనలు అందులో వేసి పంపేవాడు. వాటిని హైదరాబాదు కంపెనీ ఒకటి నెట్‌లో అమ్మకానికి పెట్టింది. అమ్ముడుపోతే రెండో ఆల్బమ్ చేయిస్తామంది. ఆ ఆశతోనే కళ్యాణి తండాలో రోజూ సాధన చేస్తోంది. నలుగురూ వింటేనే కదా పేరొచ్చేదని అన్న ఆలోచన.

"పెద్దాయనా, ఇగ లే. నీ ఒక్కనికోసం దుకాణం బంద్ పెట్టుకోవాలా?"

"జర ఆగు నాయనా, ఒక్క పాటే మిగిలింది. దవాఖానాల ఒకాయనకు ఇయ్యాలె."

పోయినసారి దించుకున్నవే కాపీ కొట్టి ఇవ్వొచ్చు కదా అన్నాడు హరిలాల్.

"అవి పోయినసారి ఇచ్చినాయనయి. ఈయనకు మల్ల కొనాలె."

పిల్లలు పకపకా నవ్వారు.

ఏ పాటలు కావాలన్నా తన దగ్గరే ఉన్నాయి, పైసా లేకుండా సీడీ నింపి ఇస్తానన్నాడు హరిలాల్.

దూలయ్య తల అడ్డంగా ఊపాడు.

"కాపీల గొంతు నలిగిపోతది నాయనా. పాడినోళ్ల ఊపిరి గూడ ఇనపడాలె. అయినా రాముని పాట దొంగతనంగ ఎట్ల ఇస్త?"

హరిలాల్ ముఖం మాడిపోయింది.

"అంటే నేను దొంగనా?"

విసురుగా వైరు పీకేశాడు. ముసలాయన జబ్బ పట్టి బయటికి నడిపించాడు. మళ్లీ ఈ గడప తొక్కొద్దన్నాడు.

దూలయ్య చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

హరిలాల్ కోపం అంతటితో చల్లారలేదు. ఊళ్లోని మిగతా నెట్ సెంటర్ల వాళ్లకూ ఫోన్లు చేశాడు, లైనంతా తినేసే ముసలాణ్ణి లోపలికి రానివ్వొద్దని.

వానాకాలం దాటింది.

ఒకరోజు తండా నుంచి కళ్యాణి వచ్చింది. కళ్లు వాచి ఉన్నాయి. కంపెనీవాళ్లు ఫోన్ చేశారట, రెండో ఆల్బమ్ లేనట్టేనట. అందరూ వింటున్నారు కానీ కొనేవాళ్లు లేరన్నారట.

హరిలాల్ కంపెనీని నోటికొచ్చినట్టు తిట్టాడు.

"ఒక్కలు గూడ కొనలేదా? గంత అబద్ధమా?"

"ఒక్కాయన కొనేటోడంట. గదే ఆల్బమ్ మల్ల మల్ల కొనేటోడంట. ఆయన్ని చూసే ఇన్నాళ్లు ఆగినరంట. ఇప్పుడు ఆయన గూడ బంద్ చేసిండంట."

కళ్యాణి కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"అన్నా, సారపాకల దూలయ్యంటే ఎవరో నీకెరుకనా?"