అట్టమిద్దె

కిటికీ మూల మళ్లీ చిరిగింది. సమీవుల్లా నాలుగో అట్టగోడను కూడా అవతలికి విసిరికొట్టాడు. నాయనమ్మ పీరమ్మ పుట్టిల్లు ఎప్పుడో డ్యాము నీళ్లలో మునిగిపోయింది. జేజికి ఆ ఇంటిని బొమ్మగా కట్టి ఇద్దామని వారం రోజులుగా తంటాలు పడుతున్నాడు. ఎన్నిసార్లు చూపించినా పీరమ్మది ఒకటే మాట: "ఇది మా ఇల్లు మాదిరి లేదు నాయనా."

కోత వంకరపోయినందుకే అలా అంటోందనుకున్నాడు. కొత్త బ్లేడుతో, ఊపిరి బిగబట్టి ఐదో గోడ కోశాడు. ఈసారి మూలలు చక్కగా తెగాయి. గోడను అతికించి జేజి ముందు పెట్టాడు.

"ఇప్పుడన్నా ఉండాదా?"

"లేదు."

"ఇంగ నాతో కాదు జేజీ. మీ కిటికీ ఎట్లుండేదో నువ్వే చెప్పు."

"మా ఇంటికి కిటికీ యాడిదిరా? ఎలుగు రావల్లంటే మిద్దెమింద గవాచి ఒకటే."

"ముందే చెప్పుంటే ఏమి?"

"నువ్వు అడిగితివా? కోస్తానే ఉంటివి."

సమీవుల్లా కిటికీకి అట్టముక్క అతికించాడు. పైకప్పులో బ్లేడుతో చిన్న బొక్క చేసి, ఇంటిని ఎండలో పెట్టాడు. పీరమ్మ వంగి గుమ్మంలోంచి లోపలికి చూసింది. చీకటి నేల మీద శనగగింజంత వెలుగు.

"ఆడనే" అంది. "మాయమ్మ నన్ను కనింది ఆ ఎలుగులోనే."