సొరుగులో దాచిన కాలమ్

బరాంకియా నుంచి పని మీద వచ్చిన ఎవేలియో ఇరవై రోజులుగా కాలీ నగరంలోని మందుల ల్యాబులో కాలమ్‌లు, అంటే కలిసిన పదార్థాలను విడదీసే గొట్టాలు, మారుస్తూనే ఉన్నాడు. ఏ గొట్టంలోంచి పంపినా దగ్గుమందూ, దాని మలినమూ తెర మీద ఒకే గుట్టగా లేస్తున్నాయి. అవి విడిపోతే అతను ఇంటికి వెళ్ళిపోవచ్చు.

"ఇక కాఫీ వడపోసే గుడ్డ ఒక్కటే మిగిలింది, ఇంజనీరు గారూ. అదీ పెట్టి చూడండి," అంది ఆ ల్యాబులో పనిచేసే మార్లెని.

"ముందు కాఫీ పొయ్యండి, తర్వాత ఎగతాళి."

చివరికి ఇంకా దాచడానికి మనసొప్పక ఆమె తన సొరుగులోంచి ఫినైల్ రకం కాలమ్ ఒకటి తీసింది. "వీటిని విడదీసేది ఇదే. మంచి కాలమ్ ఎవరికి వారు దాచుకుంటాం గానీ, ఇది అందుకు దాచింది కాదు."

ఎవేలియో కంగారుగా చెయ్యి చాచాడు. "దానికి కట్టిన చీటీ చదవకండి!"

వాడిన ప్రతిసారీ రాసి తీరాల్సిన చీటీ అది. అందులో అతను వచ్చిన మర్నాటి తేదీ, అతని దస్తూరీ: "రెండూ చక్కగా విడిపోయాయి."