కోసే ముందు చేదు చూడండి

ఆ రోజు శేషమ్మ పలకలేదు.

నూకరాజు పొయ్యి మీద బాండీ పెట్టి, ముందుగదిలోకి వచ్చి, కంప్యూటర్ తెర మీద ఆవిడ పేరున్న బొమ్మను రెండుసార్లు నొక్కాడు. రోజూ అయితే ఆవిడ గొంతు వచ్చేది. ఇవాళ ఇంగ్లీషులో ఏదో ముక్క వచ్చి ఎర్ర గుర్తు పడింది.

శేషమ్మ పోయి మూడేళ్లు. తను పోతానని తెలిసిన మనిషి, మొగుడికి గంజి వార్చడం కూడా రాదని తెలిసిన మనిషి. ఆస్పత్రికీ ఇంటికీ తిరుగుతూనే, ఒక్కో కూర ఎలా వండాలో ఆ కంప్యూటర్లో మాట్లాడి పెట్టింది. వ్యాగన్ వర్క్‌షాపులో జీవితమంతా సుత్తి పట్టినవాడు, ఇప్పుడు ఆ గొంతు చెప్పినట్టు గరిటె తిప్పుకుంటూ బతుకుతున్నాడు.

"ఏవండోయ్, బీరకాయ కోసే ముందు ఓ ముక్క నోట్లో ఏసుకుని సేదు సూడండి. సూడకుండా కోసేస్తే కూరంతా పారబోసుకోవాల."

కూర సంగతి దేవుడెరుగు. ఆ ఇంట్లో వినపడే మనిషి మాట అదొక్కటే.

బావమరిది నాగబాబుకు ఫోన్ చేశాడు. పండరీ బజార్లో ఓ బట్టలకొట్లో కంప్యూటర్ మీద బిల్లులు కొడతాడు కనక, చుట్టాలందరికీ వాడే ఇంజనీరు.

వచ్చాడు. తీగలు పీకాడు, పెట్టాడు. వైఫై డబ్బా ఆపాడు, వేశాడు. పలకలేదు.

"దీన్ని ఎవరన్నా ముట్టుకున్నారేటి బావా?"

"రెండేళ్ల కిందట ఆగిపోతే పక్కగది మోహనకృష్ణ సూసినాడు. లోపల డిస్కు పోతంది, మార్చాల అన్నాడు. మీ అక్క సెయ్యేసిన డబ్బా, ఒక్క స్క్రూ మార్చినా ఊరుకోనన్నాను. సరే అంకుల్, మార్చకుండానే పలికిస్తానన్నాడు. పలికించినాడు."

మోహనకృష్ణ అద్దెకున్నవాడు. నలభై దాటిన ఒంటిమనిషి. ఉర్లాలో ఏదో మిల్లులో పని. మాట తక్కువ. నూకరాజుకు అతనితో ఒక్కటే పేచీ. ఊరెళ్లినా సరే, తన కంప్యూటర్ ఆపడు. మీటరు గిరగిరా తిరుగుతుంటే ఈయనకు కడుపు మండేది.

"ఆడి గది కూడా సూద్దాం. వైఫై ఇద్దరికీ ఒకటే కదా," అన్నాడు నాగబాబు.

మోహనకృష్ణ డ్యూటీలో ఉన్నాడు. రెండో తాళంచెవితో తలుపు తీశారు. గదిలో ఫ్యూజు పోయి, కంప్యూటర్ ఆగిపోయి ఉంది. నాగబాబు ఫ్యూజు వేసి దాన్ని ఆన్ చేశాడు. ముందుగదిలోకొచ్చి దీన్ని కూడా ఓసారి ఆపి వేశాడు.

"ఏవండోయ్..." అంది శేషమ్మ.

నూకరాజు గోడకు ఆనుకుని కళ్లు తుడుచుకున్నాడు.

నాగబాబు అక్కడితో ఊరుకోలేదు. ఊరుకునే రకమైతే ఇంత జరిగేదే కాదు. ఆ వైఫై మీద ఏయే కంప్యూటర్లున్నాయో తెర మీద తెరిచాడు. మోహనకృష్ణది కనిపించింది. నొక్కితే తెరుచుకుంది.

"బావా! అక్క మాట్లాడినవన్నీ ఈడి దాంట్లో ఉన్నాయి!"

"మరి మనవో?"

"మనవి మనకున్నాయి, ఇప్పుడే కదా ఇన్నావు. ఈడు ఇంకో కాపీ లాగేసుకున్నాడు. పక్కా చోర్. ఒంటిగాడు, మా అక్క గొంతు ఈడికెందుకు బావా?"

ఆ చివరి మాట నూకరాజుకు ఒళ్లంతా మంట పెట్టింది.

"తుడిచి పారెయ్."

నాగబాబు కూర్చున్న చోటు నుంచే, అక్కడివన్నీ తుడిచేశాడు.

సాయంత్రం మోహనకృష్ణ వచ్చేసరికి అతని సామాను అరుగు మీద ఉంది.

"మా అక్క గొంతు దొంగిలిస్తావేటిరా?"

అతని మొహం పాలిపోయింది.

"తుడిచేశారా? అన్నీనా?"

"సొమ్ము పోతే దొంగకి ఎంత ఏడుపో సూడు బావా!"

"అంకుల్, మీకు దండం పెడతాను. నా కంప్యూటర్ మళ్లీ ఆన్ చెయ్యకండి. ఒక్క రోజు నాకివ్వండి. తిరిగొస్తాయేమో చూస్తాను."

"మళ్లీ లాగుదామనే?"

నాగబాబు అతని కంప్యూటర్లోంచి డిస్కు ఊడబెరికి అరుగు మీద పెట్టాడు. నూకరాజు లోపలికెళ్లి సుత్తి తెచ్చాడు.

"వద్దంకుల్! అందులోనే..."

సుత్తి పడింది. వర్క్‌షాపు చెయ్యి, గురి తప్పదు. రెండో దెబ్బకు డిస్కు ముక్కలు ముక్కలైంది.

"అందులో ఏటి? సెప్పవేటి, అందులో ఏటుంది?"

మోహనకృష్ణ ముక్కల వంక చూశాడు. రొప్పుతున్న ముసలాయన వంక చూశాడు.

"ఏమీ లేదంకుల్. నా సామానే."

సంచి భుజాన వేసుకున్నాడు. గేటు దగ్గర ఒక్క క్షణం ఆగాడు.

"ఇవాళ్టికి బయట తినండి అంకుల్."

"ఈడెవడు నాకు సెప్పడానికి!" అని ఉమ్మేశాడు నూకరాజు.

లోపలికొచ్చి, బాండీలో నూనె పోసి, బీరకాయలు ముందేసుకున్నాడు.

"నాగబాబూ, మీ అక్కని పలికించు."

నాగబాబు నొక్కాడు. మళ్లీ నొక్కాడు. అదే ఇంగ్లీషు ముక్క. అదే ఎర్ర గుర్తు.

"ఏటయింది?"

నాగబాబు ఆ బొమ్మ ఎక్కడికి తీసుకెళ్తుందో, ఆ చిరునామా తీసి చదివాడు. ఇంకోసారి చదివాడు.

"బావా... అక్క ఈ డబ్బాలో లేదు. రెండేళ్లుగా లేదు."

వంటింట్లో నూనె మాడుతోంది.

ఆపడం లేదని నూకరాజు రోజూ తిట్టుకున్న ఆ పక్కగది కంప్యూటర్లోంచే, మోహనకృష్ణ ఊరెళ్లినా ఆరనివ్వని ఆ ఒక్క దాంట్లోంచే, శేషమ్మ ఇన్నాళ్లూ పలికింది.