చిక్కం

“యూజ్ దిస్, మామ్.”

బేస్‌మెంట్‌లో అద్దెకుంటున్న స్టూడెంట్లకిద్దామని పెరట్లో పియర్ పళ్ళు కోస్తున్న మార్తాకు, కూతురు ఏనీ తను లాక్రోస్ ఆట ఆడే స్టిక్ అందించింది.

చివర వల ఉన్న ఆ కర్ర మామిడికాయలు కోసే చిక్కంలా ఉందని మార్తా ఒకసారి ముట్టుకుంటే, ఇల్లు పీకి పందిరేసిన పిల్ల. ఆ కర్రతోనే కాలేజీ టీమ్‌లో బెస్ట్ మిడ్‌ఫీల్డర్ అనిపించుకుని హాలు నిండా ట్రోఫీలు తెచ్చింది.

“మోకాలి స్కాన్ రిజల్ట్ వచ్చిందా?”

“ఎస్.”

“ఈ సీజన్ ఆడొచ్చన్నారా?”

“కోసుకో అమ్మా,” అంది ఏనీ, ఎన్నడూ లేనిది తెలుగులో. గొంతులో ఏడుపు కూడా లేదు.

మార్తా కర్ర ఎత్తింది. పండు మెత్తగా వలలో పడింది.

ఆటలో వలలోని బంతి జారిపోకుండా కర్రను ఊపే అలవాటుకొద్దీ, పక్కన ఏనీ ఖాళీ చేతులు ఊగాయి.